చిన్న సంస్థలో వీలునామా విరాళాలు మొదలుపెట్టడానికి మేం తీసుకున్న సర్వీసు: పది నెలల తర్వాత నా రివ్యూ

ఏడాది ప్యాకేజీలో పది నెలలు అయిపోయాయి, ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందనిపించి రాస్తున్నాను. చిన్న సేవాసంస్థల్లో ప్లాన్డ్ గివింగ్ మొదలుపెట్టించే సర్వీసు ఇది. పేరు పెద్దగా ఉంది గానీ మాలాంటివాళ్లకు విషయం చాలా చిన్నది. దాత ఈరోజు చెక్కు రాసివ్వడం కాకుండా, తన తదనంతరం తన ఆస్తిలో కొంత సంస్థకు చేరేలా ఇప్పుడే ఏర్పాటు చేసి పెట్టడం. చాలాసార్లు అది వీలునామాలో ఒకే ఒక్క వాక్యం. కొన్నిసార్లు ఇన్సూరెన్స్ పాలసీలోనో పెన్షన్ ఖాతాలోనో, డబ్బు ఎవరికి చేరాలో రాసే గడిలో సంస్థ పేరు. అంతే.

సర్వీసు పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు ఇంకా చాలామంది అమ్ముతున్నారు, మేం చేరేముందు మరో రెండు చూశాం, లోపలి సరుకు దాదాపు ఒకటే. కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది పక్కన పడేశాం అన్నది చెబితే ఎవరి దగ్గర తీసుకున్నా మీకు ఉపయోగపడుతుంది.

మా గురించి రెండు ముక్కలు. మేం నలుగురం. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తాం. ఏడాది చివర్లో ప్రతిసారీ జీతాల టెన్షన్, ప్రతిసారీ అవే వంద, నూటయాభై మంది పాత దాతలు ఆదుకుంటారు. వాళ్లలో చాలామంది పెద్దవాళ్లు. గత మూడేళ్లలో వాళ్లలో ముగ్గురు పోయారు, ముగ్గురూ ఏళ్ల తరబడి మాకు ఇస్తూ వచ్చినవాళ్లే, ఒక్కరి వీలునామాలోనూ మా పేరు లేదు. ఎందుకు ఉంటుంది? మేం ఎప్పుడూ అడగలేదు కదా. ఈ సంగతి మా ట్రెజరర్ గారు ఒక మీటింగులో అంటే గదిలో ఎవరం మాట్లాడలేకపోయాం. ఆ తర్వాతే ఈ సర్వీసు తీసుకున్నాం.

ప్యాకేజీలో నాలుగు ఉన్నాయి: వీడియో పాఠాలు, నమూనా ఉత్తరాలూ ఫారాల కట్ట, దాతల జాబితాని జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్, నెలకి రెండుసార్లు ఒక గైడ్‌తో గంటసేపు ఫోన్. ముందే చెప్పేస్తున్నాను, ఆ ఫోన్ ఒక్కటీ మిగతా మూడింటికంటే విలువైనది. అది లేకుండా మిగతావి మాత్రమే చవగ్గా ఇస్తామన్నా నేను తీసుకోను.

మొదటి ఫోన్ గుర్తుండిపోయింది. మేం పెద్ద పెద్ద ప్రశ్నలు రాసుకుని కూర్చున్నాం, ట్రస్టులు, పన్నులు, అదీ ఇదీ. గైడ్ ముందుగా అడిగింది ఒకటే: "మీ సంస్థ పూర్తి పేరేంటండీ? రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి." నేను ఒకటి చెప్పాను, మా అకౌంటెంట్ ఇంకోటి చెప్పాడు, బోర్డు మీద ఉన్నది మూడోది. పత్రం తీసి చూస్తే ఈ మూడూ కావు, మొదట్లో పెట్టిన పేరులో ఇంకో మాట అదనంగా ఉంది. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు గానీ, వీలునామాలో పేరు తేడాగా ఉంటే ఆ డబ్బు కోసం సంస్థ ఎన్నాళ్లు తిరగాల్సి రావచ్చో నెమ్మదిగా వివరించింది. అప్పుడు నాలుగు విషయాలు ఒక చిన్న కాగితం మీద రాయించింది: రిజిస్టరైన పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ఇంతకుముందు వాడుకలో ఉన్న పేర్లు. ఇప్పుడు ఆ కాగితం మా రశీదు పుస్తకం మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంది, వెబ్‌సైట్లోనూ అదే పెట్టాం. పది నెలల్లో మేం చేసిన పనుల్లో అతి తక్కువ ఖర్చైనది ఇదే, అతి ముఖ్యమైనదీ ఇదే.

దీనికి వీడియోల్లో ఇచ్చిన ఉదాహరణ కూడా బాగుంది. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895లో లాయర్ సాయం లేకుండా తన చేత్తోనే వీలునామా రాసుకున్నాడు. బహుమతుల కోసం ఆస్తిలో చాలా భాగం వదిలాడు గానీ, ఆ డబ్బు చూసుకోవాల్సిన సంస్థ అప్పటికి అసలు లేనే లేదు. ఆయన 1896లో చనిపోయాక బంధువుల్లో కొందరు అడ్డు తిరిగారు, వీలునామా అమలు చేయాల్సినవాళ్లు నానా తంటాలు పడ్డారు, ఫౌండేషన్ ఏర్పడేసరికి 1900 వచ్చింది, మొదటి బహుమతులు 1901లో ఇచ్చారు. అంత పెద్ద ఆస్తి కాబట్టి అంత పోరాడేవాళ్లు దొరికారు. మాకు వదిలే చిన్న మొత్తం కోసం ఎవరు పోరాడతారు?

వీడియోలు మొత్తం మీద ఫర్వాలేదు. మొదటి ఆరు శ్రద్ధగా చూడండి. వీలునామాలో ఇచ్చే పద్ధతులు మూడింటిని చక్కగా విడదీసి చెప్పారు: ఇంత మొత్తం అని రాయడం, ఆస్తిలో ఇంత శాతం అని రాయడం, అప్పులూ ఖర్చులూ పోయి అందరి వాటాలూ ఇచ్చాక మిగిలినదంతా లేదా అందులో కొంత అని రాయడం. ఇంత మొత్తం అని రాస్తే పాతికేళ్లకి దాని విలువ కరిగిపోతుంది. శాతం రాస్తే ఆస్తి పెరిగినా తగ్గినా దానితోపాటే నడుస్తుంది, ఇంట్లోవాళ్ల వాటా ఎంతో కూడా దాతకి తేటగా కనిపిస్తుంది. మా దాతల్లో చాలామందికి ఈ శాతం మాటే ధైర్యం ఇచ్చింది. "పిల్లలకి పోగా ఒక ఐదు శాతం" అని నోటితో అనగలిగారు.

ఏడో వీడియో నుంచి మాత్రం దారి మారిపోతుంది. జీవితాంతం దాతకి ఆదాయం ఇచ్చే యాన్యుటీలు, ట్రస్టులు, వాటికి లెక్కలు కట్టే కాలిక్యులేటర్లు. యాన్యుటీ అంటే దాత డబ్బు తీసుకుని ఆయన బతికున్నంతకాలం ప్రతి ఏడాదీ తిరిగి చెల్లిస్తామని సంస్థ మాట ఇవ్వడం. వచ్చే నెల జీతాలకే వెతుక్కునే సంస్థ ఇంకొకరికి ముప్ఫై ఏళ్లపాటు చెల్లిస్తానని ఎలా మాట ఇస్తుంది? పైగా చాలా దేశాల్లో దీనికి వేరే నిబంధనలు ఉంటాయి. మా గైడ్ నిజాయితీగా వద్దని చెప్పింది, కానీ అదే సర్వీసు అమ్మకాల విభాగం నుంచి మూడుసార్లు ఫోన్ చేసి అడ్వాన్స్‌డ్ ప్యాకేజీ తీసుకోమన్నారు. ఇది నాకు నచ్చలేదు. చిన్నవాళ్లకి భయం పెట్టి, ఆశ పెట్టి అమ్మే సరుకు కాదిది. చిన్న సంస్థకి వీలునామా ఒక్కటి చాలు, చాలా ఏళ్లు చాలు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ రాయను. దాతల జాబితా ఎక్కిస్తే ఎవరు ఎక్కువ ఇవ్వగలరో రంగులు వేసి చూపిస్తుంది. అది పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లని పైకి తోసేసింది, ఒకేసారి ఇచ్చి మళ్లీ కనపడని కంపెనీ యజమాని మొదటి స్థానంలో ఉన్నాడు. పద్నాలుగేళ్లుగా ఏటా చిన్న మొత్తం పంపే రిటైర్డ్ టీచర్ గారు ఎక్కడో అడుగున. వీలునామా దాతల విషయంలో ఇది తలకిందుల లెక్క. ఎంత ఇచ్చారన్నదానికంటే ఎన్నేళ్లు ఆపకుండా ఇచ్చారన్నది చూడాలి, పిల్లలు లేనివాళ్లు, సంస్థలో వాలంటీర్‌గా పనిచేసినవాళ్లు కూడా ఇలా ఇచ్చే అవకాశం ఎక్కువ. మా అకౌంటెంట్ మామూలు ఎక్సెల్ షీట్లో పదేళ్లకి పైగా ఇచ్చినవాళ్లని ఏరితే ముప్ఫై ఎనిమిది పేర్లు వచ్చాయి. ఒక మధ్యాహ్నం పని. సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరవలేదు.

ఇక ఉత్తరాలు. ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగింది, అందుకే వివరంగా రాస్తున్నాను. కట్టలో ఉన్న మొదటి నమూనా ఉత్తరాన్ని, పేరు మాత్రం మార్చి, ఆ ముప్ఫై ఎనిమిది మందిలో పన్నెండు మందికి పంపాం. మరణం ఎవరికైనా తప్పదు, ముందే సిద్ధపడటం మంచిది అన్న ధోరణిలో మొదలై, రెండో పేరాలో చట్టం మాటలు, చివర్లో నింపి పంపాల్సిన ఫారం. నాలుగో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. సంస్థ పెట్టినప్పటి నుంచి మాకు ఇస్తున్నవాళ్లలో ఒకరు. కోపంగా కూడా లేదు ఆయన గొంతు. "నాకు ఒంట్లో బాగోలేదని మీకెవరైనా చెప్పారా అమ్మా?" అన్నారు. ఆయనకి నెల క్రితమే ఏదో పరీక్ష చేశారట, ఆ రిపోర్టు సంగతి బయటికి పొక్కి మేం ఉత్తరం రాశామనుకున్నారు. నాకు నోట మాట రాలేదు. మర్నాడు నేనూ మా సెక్రటరీ గారూ ఇంటికెళ్లి క్షమాపణ చెప్పాం, ఆయన ఏమీ అనుకోలేదు, కానీ ఆ ప్రశ్న నా చెవుల్లో ఇంకా ఉంది.

ఉత్తరం పంపేముందు గైడ్‌కి చూపించలేదు, ఆ తప్పు మాది. కానీ అలాంటి ఉత్తరాన్ని నమూనా అని కట్టలో మొట్టమొదట పెట్టడం సర్వీసు తప్పు, ఆ మాట వాళ్లకి రాతపూర్వకంగా చెప్పాం. ఇప్పటికీ మార్చలేదు. మీరు ఎవరి ప్యాకేజీ తీసుకున్నా సరే, నమూనా ఉత్తరాన్ని ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లకి పైకి చదివి వినిపించండి. వాళ్ల ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఫోన్లో గైడ్ మాతో కొత్త ఉత్తరం రాయించింది. చావు అన్న మాట ఎక్కడా లేదు. మీరు ఇన్నేళ్లు ఇచ్చినదానితో ఏమేం పుస్తకాలు రికార్డయ్యాయి, అవి విన్న పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ పని మన తర్వాత కూడా సాగాలని కొందరు దాతలు వీలునామాలో ఒక వాక్యం రాసి పెడుతున్నారు, మీకూ ఎప్పుడైనా ఆ ఆలోచన వస్తే మాతో మాట్లాడండి. ఒక పేజీ. అంతకుముందే మా బోర్డు సభ్యుల్లో నలుగురు తమ వీలునామాల్లో సంస్థ పేరు రాశారు కాబట్టి ‘కొందరు దాతలు’ అన్నది నిజమైన మాటే. బోర్డు ముందు రాయాలని గైడ్ పట్టుబట్టింది. మనం చేయని పని ఇంకొకళ్లని చేయమని ఎలా అడుగుతాం?

అడగడం గురించి ఆవిడ చెప్పిన ఒక సంగతి మా బోర్డులో అనుమానాలన్నీ తీర్చేసింది. బ్రిటన్‌లో బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ అనే పరిశోధన బృందం 2013లో బయటపెట్టిన ప్రయోగం అది. ఫోన్లో వీలునామా రాయించుకునేవాళ్లని ఏమీ అడగనప్పుడు సేవాసంస్థకి ఇచ్చినవాళ్లు వందకి సుమారు ఐదుగురు. సేవాసంస్థకి ఏమైనా ఇస్తారా అని మామూలుగా అడిగితే సుమారు పదిమంది. చాలామంది ఇలా ఇస్తుంటారు, మీ మనసుకి దగ్గరైన పని ఏదైనా ఉందా అని అడిగితే సుమారు పదిహేను మంది. ఒక్క ప్రశ్న, అంతే తేడా. అడిగితే బాగుండదేమో అని ఇన్నేళ్లు మేం ఆగిపోయాం. జనాలకి ఇవ్వడం ఇష్టం లేక కాదు, ఆ సమయానికి గుర్తు చేసేవాళ్లు లేక.

కొత్త ఉత్తరం వెళ్లిన రెండు వారాలకి టీచర్ గారు రమ్మన్నారు, సాఫ్ట్‌వేర్ అడుగున పడేసిన ఆవిడే. నేను వెళ్లేసరికి బల్ల మీద మా పాత రశీదులన్నీ దారంతో కట్టి పెట్టి ఉన్నాయి, ఏడాది వారీగా. అన్నిటికంటే కింద ఒక కవరు. నాలుగేళ్ల క్రితమే రాసుకున్న వీలునామా కాపీ అది. "మీ పేరు అప్పుడే రాశానమ్మా. చెప్పాలని తోచలేదు, మీరూ అడగలేదు" అన్నారు. చదివి చూస్తే మా పేరు వాడుకలో ఉన్న పేరు, రిజిస్టరైనది కాదు. పైగా ఆ మొత్తం "క్యాసెట్లు తయారు చేయడానికి మాత్రమే" అని ఉంది. మేం క్యాసెట్లు మానేసి ఎన్నో ఏళ్లయింది, ఇప్పుడంతా ఆడియో ఫైళ్లే. ఆవిడకి క్యాసెట్ అంటే పిల్లలు వినే పాఠం, అంతే. కానీ కాగితం మీద ఆ ఒక్క మాట ఉండిపోతే, రేపు ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి కుదరక బ్యాంకులో మూలుగుతూ ఉండేది.

ఈ చోటే వీడియోల్లోని మరో రెండు కథలు నాకు నిజంగా అర్థమయ్యాయి. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1790లో చనిపోతూ బోస్టన్‌కి వెయ్యి పౌండ్లు, ఫిలడెల్ఫియాకి వెయ్యి పౌండ్లు వదిలాడు, రెండు వందల ఏళ్లపాటు పని నేర్చుకున్న యువకులకి అప్పులిస్తూ పెంచమని. నిధి పెరిగింది, 1990లో గడువు తీరేసరికి లక్షల డాలర్లయింది. కానీ ఒక పనివాడి దగ్గర చేరి ఏళ్ల తరబడి పని నేర్చుకునే అప్రెంటిస్ పద్ధతే కనుమరుగైపోయి, ఆయన పెట్టిన షరతులకి సరిపోయే మనుషులు దొరకడం కష్టమైంది. జేమ్స్ స్మిత్‌సన్ కథ ఇంకోలా ఉంటుంది. ఆయన అమెరికాలో అడుగైనా పెట్టని ఇంగ్లిష్ శాస్త్రవేత్త. ఆస్తి సోదరుడి కొడుక్కి రాస్తూ, అతను పిల్లలు లేకుండా పోతే అమెరికాకి చేరాలని, జ్ఞానం పెంచే సంస్థ ఒకటి పెట్టాలని ఇంకో వాక్యం చేర్చాడు. ఆయన 1829లో పోయాడు, సోదరుడి కొడుకు 1835లో పోయాడు, 1846లో స్మిత్‌సోనియన్ అనే ఆ సంస్థ పుట్టింది. ‘ఒకవేళ అలా కుదరకపోతే’ అన్న వాక్యానికి అంత బలం ఉంది.

టీచర్ గారు తన లాయర్ దగ్గరికెళ్లి మార్పించుకున్నారు: చూపు లేని పిల్లల చదువుకి, ఆ పని సంస్థ మానేసిన పక్షంలో దానికి అతి దగ్గరగా ఉన్న పనికి. మేం లాయర్‌ని చూపించలేదు, వాక్యం మేం రాయలేదు, సాక్షి సంతకం చేయలేదు. ఈ గీత విషయంలో మా గైడ్ చాలా గట్టిగా ఉంది, నాకు ఆవిడ మీద గౌరవం అక్కడే పెరిగింది. నమూనా వాక్యం కాగితం ఇవ్వొచ్చు, రిజిస్టరైన పేరు ఇవ్వొచ్చు. దాత లాయర్ దాత ఎంచుకున్నవాడే అయ్యుండాలి, ఇంట్లోవాళ్లకి తెలిస్తే మరీ మంచిది, ఫీజు సంస్థ కట్టకూడదు, దాతకి మతి సరిగా లేదన్న అనుమానం ఏమాత్రం ఉన్నా మనం వెనక్కి వచ్చేయాలి. చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, కానీ ఈ పద్ధతి ఎక్కడైనా పెట్టుకోదగ్గది.

ఫారాల కట్టలో నిజంగా పనికొచ్చింది ఒక రెండు పేజీల పాలసీ, సంస్థ ఏం తీసుకుంటుంది, ఏం తీసుకోదు అన్నది. మొదట చదివినప్పుడు మాకెందుకు ఇదంతా అనిపించింది. మూడు నెలలకే ఒకాయన కోర్టు కేసులో ఉన్న స్థలం రాసిస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు. పాలసీ లేకపోతే మొహమాటానికి సరే అనేసేవాళ్లం, ఆ కేసు ఖర్చులు మా నెత్తిన పడేవి. బోర్డు తీర్మానం చూపించి, నమస్కారం పెట్టి, వద్దన్నాం. ఆయన ఇంకా మా దాతే.

ఇప్పటిదాకా లెక్క: బోర్డుతో కలిపి తొమ్మిది మంది మా పేరు రాశామని చెప్పారు. ఇది చేతికొచ్చిన డబ్బు కాదు, ఎవరైనా ఎప్పుడైనా వీలునామా మార్చుకోవచ్చు, ఆ హక్కు వాళ్లదే, అందుకే బడ్జెట్లో ఒక్క అంకె కూడా వేయలేదు. వాళ్లు బతికుండగానే మేం చేయగలిగింది వాళ్లని గుర్తుపెట్టుకోవడం. ప్రతి కొత్త రికార్డింగు మొదటి కాపీ ఈ తొమ్మిది మందికి పంపుతున్నాం, పేర్లు బయట వేయడానికి ఒప్పుకున్నది ఆరుగురు, మిగతా ముగ్గురి పేర్లు తాళం వేసిన ఫైల్లో ఉన్నాయి. వీడియోల్లో లెగసీ సొసైటీ (ఇలా రాసిన దాతల సంఘం), బ్యాడ్జీలు, విందులు అన్నారు, మేం చేయలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఎవరు తీసుకోవచ్చు? ఐదేళ్లకి పైగా ఆపకుండా ఇస్తున్న దాతలు ఒక ముప్ఫై మందైనా ఉండి, వారానికి రెండు మూడు గంటలు ఈ పనికి కేటాయించే ఒక మనిషి ఉంటే తీసుకోండి. ఆ మనిషి తరచూ మారిపోయే సంస్థ అయితే ఆగండి, దాతలు ఈ మాటలు ముఖం తెలిసినవాళ్లతోనే మాట్లాడతారు. ఈ సంవత్సరం లోటు పూడ్చుకోవడానికైతే అసలు వద్దు, ఫలితం కనపడటానికి ఏళ్లు పడుతుంది. చేరేముందు మూడు అడగండి: గైడ్ ఎవరు, ఏడాదంతా అదే మనిషి ఉంటారా, ఫోన్లు విడిగా ఇస్తారా. మేం మూడోది అడగలేదు, ఉందని తర్వాత తెలిసింది.

ఐదుకి నేను మూడు ఇస్తాను. ఆ మూడూ గైడ్ గారివే. వచ్చే ఏడాదికి ఫోన్లు మాత్రమే తీసుకుంటున్నాం, నెలకి ఒకసారి. మొదటి ఫోన్‌కి ప్రశ్న అప్పుడే రాసి పెట్టుకున్నాను: ఉత్తరం పంపి బాధపెట్టిన ఆ పెద్దాయన మొన్న రికార్డింగు గదికి వచ్చి గంటసేపు కూర్చుని, వెళ్తూ "ఆ కాగితం ఏదో ఇంకోసారి ఇవ్వమ్మా" అన్నారు, ఆయనకి ఏ కాగితం ఇవ్వాలి అని.